మత్తు లేని గంజాయి

చనిపోయిన రోజు మధ్యాహ్నం గురుస్వామి కోడలిని తిట్టాడు. తాడు కొస గట్టిగా పట్టుకోమంటే ఆమె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోను చూసుకుంటోందని.

"అమ్మాయ్, అది తాడు. పెండ్లికొడుకు చిటికెన వేలు కాదు. రెండు చేతులా పట్టుకో."

"ఆదివారం గూడా నన్నే పట్టుకోమంటే ఎట్ట మామా? మీ కొడుకుని పిలవచ్చు గదా."

"వాడు పట్టుకుంటే తాడుకి పురి పడదు, వాడికి నిద్ర పడతాది."

గోపిక మొగుడు రాఘవ లారీ డ్రైవరు. బద్వేలు రోడ్డు మీద ఎంత మెలకువగా ఉంటాడో ఇంట్లో అంత నిద్రపోతాడు. కాబట్టి మామ మాటలో అబద్ధం లేదు. ఆమె ఫోను పక్కన పెట్టి రెండు చేతులా కొస పట్టుకుంది. అటు గుంజకు కొట్టిన కొక్కేనికి మూడు పురులు బిగించి ఉన్నాయి. మూడు గాడులు తీసిన కొయ్యముక్కను పురుల మధ్య పెట్టి గురుస్వామి వెనక్కి నడుస్తుంటే, కొయ్యకు ముందు మూడుగా ఉన్నది వెనక ఒకటిగా చేరుతోంది. ఆ పని గోపిక కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తోంది. ఈ తాడే ఎందుకో కాస్త తెల్లగా ఉంది. నార దగ్గర ఎప్పుడూ ఉండే మురుగు కుంట కంపు కూడా లేదు.

"ఇది మన గోగేనా మామా? వాసన రాలేదే."

"వాసనొస్తే ముక్కు మూసుకుంటావు, రాకపోతే ప్రశ్నలేస్తావు. నీతో చచ్చే చావయిపోయింది. గట్టిగా పట్టుకో."

పేనడం అయిపోయాక కొబ్బరి పీచుతో తాడు పొడుగునా రుద్ది నున్న చేశాడు. చుట్టలా చుట్టి, వసారాలో మేకుకి తగిలించి, ఎవరూ ముట్టుకోబాకండి, రేపటికి కావాల అన్నాడు. తర్వాత నులక మంచం మీద నడుం వాలుస్తూ టీ పెట్టమన్నాడు. "చక్కెర వెయ్యి. నీ డాక్టరు యాడో ఆత్మకూరులో ఉండాడు, ఇక్కడికి కనపడదులే."

ఆమె టీ పెట్టి, మామ మాట కాదనలేక అరచెంచా చక్కెర వేసి తెచ్చేసరికి తాగే మనిషి లేడు. మంచం ఉంది, మంచం మీద గురుస్వామీ ఉన్నాడు. మాట మాత్రం లేదు. ఆ మనిషి దగ్గర మాట లేదంటే ఇంకేమీ లేనట్టే.

మర్రిపాడు నుంచి ఉదయగిరి వైపు పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో గురుస్వామికి ఐదెకరాల గరువు నేల, కొన్ని గొర్రెలు, నోటినిండా మాటలు ఉండేవి. నేల వాన పడితే పండేది. గొర్రెలు రోగం రాకపోతే ఈనేవి. మాటలకు మాత్రం ఏ ఏడూ కరువు రాలేదు. వాటికి తోడు చేతిలో తాడు పేనే పని ఉండేది. చేని గట్ల వెంట గోగు వేసేవాడు. నిలువెత్తు పెరిగాక కోసి, కట్టలు కట్టి, కుంటలో ఊరబెట్టేవాడు. ఊరిన కట్టలు బయటికి తీసిన రోజు ఊరంతా ముక్కులు మూసుకుని అతని వంశాన్ని తలుచుకునేది. ఆ నారతోనే ఎద్దులకు పలుపులు, ఇంట్లోకి ఉట్లు, మంచాలకు నులక. ఒకప్పుడు సంతకు తీసుకుపోతే దించిన చోటే అమ్ముడుపోయేవి. తర్వాత నైలాను వచ్చింది.

నైలాను తాడంటే గురుస్వామికి పాలివాడి మీద ఉన్నంత పగ. ఆత్మకూరులో తాళ్ళమ్మే అంగడి ముందు నిలబడి, కొనడానికి వచ్చినవాళ్ళకు ఉచితంగా సలహాలిచ్చేవాడు. "అబ్బయా, అది మేక మెడ కోస్తాది గానీ తను తెగదు. దానికి పశువంటే జాలి లేదు. తడిస్తే ఊరదు, పాతితే కుళ్ళదు. మనం పోయినా అది పోదు. అట్టాంటి దాన్ని ఇంట్లో పెట్టుకుంటావా?" అంగడాయన రెండు మూడుసార్లు పోట్లాడి చూశాడు. లాభం లేక తర్వాత్తర్వాత గురుస్వామి కనపడగానే టీ తెప్పించి, పక్క అంగడి బెంచీ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. ఆ టీలోనూ చక్కెర ఉండేది. అతని షుగరు జబ్బులో నైలానుకు భాగముందని గోపిక నమ్మకం.

ఈ మనిషి బుర్రలోకి గంజాయి ఎలా వచ్చిందంటే, ఉదయగిరి అమానుల్లా వల్ల.

అమానుల్లా కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతాడు. ఆ కొండల కొయ్యతో చేసిన చెంచాలను పెట్టెల్లో సర్దుకుని దేశమంతా ఎగ్జిబిషన్లకు తిరుగుతాడు. గురుస్వామి చేతిలోని మూడు గాడుల కొయ్యముక్క కూడా ఆయన చెక్కి ఇచ్చిందే. ఒకరిది నార, ఒకరిది కొయ్య. ఇద్దరి సరుకునూ ప్లాస్టిక్కే మింగింది. స్నేహానికి అంతకంటే గట్టి కారణం ఏం కావాలి? ఒకసారి డెహ్రాడూన్ నుంచి వచ్చి ఆయన చెప్పిన సంగతి గోపిక చెవులారా విన్నది. ఇద్దరూ వసారాలోనే కూర్చుని ఉన్నారు.

"సామీ, నా పక్క స్టాలులో కొండ ఆడోళ్ళు గుడ్డలు పెట్టినారు. సంచులు, చొక్కాలు. ఏం నారమ్మా అని అడిగితే గంజాయి అన్నారు."

"పోలీసులు పక్కన లేరా?"

"వాళ్ళూ కొనుక్కుంటా ఉండారు. అక్కడ సర్కారే లైసెన్సిచ్చి పండిస్తా ఉండాదంట. మత్తు లేని రకం."

"మత్తు లేకపోతే దాన్నెవడు నాటతాడు సాయిబూ? కల్లు లేని తాటిచెట్టు మాదిరి."

"నార కోసం నాటతారు."

నార అనగానే గురుస్వామి నడుం నిటారుగా లేచింది. ఎంత నీళ్ళు పడతాది? తక్కువే. ఎన్నాళ్ళ పంట? నాలుగు నెలలంట. నార గట్టిదేనా? అమానుల్లా రెండు చేతులతో గాలిలో ఒక గుడ్డను లాగి చూపించాడు. చిరగలేదు. గింజల నుంచి నూనె తీస్తారు, పుల్లల పొట్టు సున్నంలో కలిపి గోడలు కడతారు, కోసిన మరుసటి ఏడాది మళ్ళీ వేసుకోవచ్చు. అమానుల్లా చెప్పుకుంటూ పోయాడు. గురుస్వామికి గోడలు, నూనెలు ఎక్కలేదు. తక్కువ నీళ్ళు, గట్టి నార, ఈ రెండే ఎక్కాయి. ఐదెకరాల గరువు నేల వైపు అలా చూస్తూ ఉండిపోయాడు.

"సామీ, ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కొడుక్కి పేరు పెడతా ఉండావు."

"పేరు పెట్టడం లేదు సాయిబూ. ఉయ్యాలకు తాడు కొలుస్తా ఉండా."

ఆ సోమవారం నుంచి గోపికకు శని పట్టింది.

ఆమెకు ఆత్మకూరు బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడి ఉంది. అర్జీలు టైపు చేయడం, ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టడం, ఆధార్ కార్డుకు ప్లాస్టిక్ తొడుగు వెయ్యడం ఆమె పని. ఆ తొడుగు వేసే మిషన్ మీద కూడా మామకు పగే గానీ, అది కోడలికి కూడు పెడుతోంది కాబట్టి క్షమించాడు. సోమవారం సోమవారం డివిజన్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. మామ పొద్దున బస్సులో కోడలి పక్కనే కూర్చుని దారి పొడుగునా అర్జీ చెప్పేవాడు. బస్సంతా వినేది.

"రాసుకో. అయ్యా, నా ఐదెకరాల్లో గంజాయి వేసుకునేదానికి పర్మిషన్ ఇయ్యవలసిందిగా..."

"మామా, గంజాయి అని పెట్టకూడదు. హెంప్ అని పెడదాం. పారిశ్రామిక హెంప్."

"అదేంది, దొంగ పేరు పెట్టుకుని తిరిగేదానికి నేనేమన్నా దొంగనా? దాని పేరు గంజాయి. మత్తు లేని గంజాయి. అట్టనే రాయి."

చివరికి రెండూ రాసింది. గూగుల్లో వెతికి, నార కోసం, గింజ కోసం ప్రభుత్వం సాగుకు అనుమతి ఇవ్వొచ్చని చట్టంలోనే ఉన్న సంగతి కూడా చేర్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ సెక్షన్‌ను తెలుగులో చదివి వినిపిస్తే గురుస్వామి చాలాసేపు ఆనందించాడు. "చూసినావా, చట్టానికి ఉన్న బుద్ధి దాన్ని చదివేవాళ్ళకు లేదు."

అతని కోరిక పెద్దదేమీ కాదు. ఆ కాగితం ఆత్మకూరు దాటాలి. పైన ఎవరో ఒకరి బల్ల మీదికి చేరి, అక్కడ ఔననో కాదనో అనిపించుకోవాలి. తనకు తెలిసిన నేలలో ఒక్క పంట, చట్టప్రకారం, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా వేసి చూడాలి. అర్జీ ఇచ్చినప్పుడల్లా అయిదారు రోజులకు ఫోనుకి మెసేజ్ వచ్చేది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. మొదటిసారి ఊరంతా చూపించాడు. రెండోసారి కోడలిని అడిగాడు, ఏం పరిష్కారమైందని. మూడోసారి తనే తేల్చేశాడు. "పెండ్లి చూపులు గూడా కాకుండానే విడాకులిచ్చినట్టుండాది."

ఊళ్ళో పేరు మారిపోయింది. అంతకు ముందు తాళ్ళ గురుస్వామి. ఇప్పుడు గంజాయి గురుస్వామి. కల్లంగడి దగ్గర కుర్రాళ్ళు "తాతా, మాకో పొట్లం" అని చేతులు చాపేవాళ్ళు. అతను సంచిలోంచి గుప్పెడు గోగు నార తీసి చేతుల్లో పెట్టేవాడు. "పీల్చండి నాయనా. మత్తెక్కకపోయినా ముక్కు శుభ్రపడతాది." ఒకసారి అతని పెండ్లాం రామలక్ష్మమ్మ పుట్టింటి నుంచి వచ్చిన ఆమె చెల్లెలు చెంచమ్మ, బావకు తాయెత్తు కట్టించమని చెవిలో చెప్పి పోయింది. రామలక్ష్మమ్మ కట్టించలేదు. ఆమె పద్ధతి వేరు. మొగుడు అన్నం దగ్గర కూర్చోగానే మొదలుపెట్టేది.

"ఏందయ్యా, ఈ వయసులో నీకు గంజాయేంది? మందు తాగు, చుట్ట తాగు, ఎవరొద్దన్నారు? మర్యాదైన అలవాట్లు చాలా ఉండాయి గదా."

"అదే నేను అడిగేది. చుట్ట కాలిస్తే మనిషి పోతాడు, పొగాకు వేసేదానికి బోర్డే పర్మిషన్ ఇస్తాది. సారా తాగితే కొంప పోతాది, అంగళ్ళకు లాటరీ తీసిస్తారు. తాడు పేనుకునేదానికి మాత్రం జైలంట. చంపేదానికి బోర్డు, చంపని దానికి బేడీలు. చారు పొయ్యి."

రామలక్ష్మమ్మ చారు పోసేది.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం, చేని దగ్గరికి జీపొచ్చింది.

పైనుంచి డ్రోను ఫొటో తీసిందట. చేని గట్ల వెంట నిలువెత్తు మొక్కలు, ఆకు చూస్తే అయిదు వేళ్ళు చాచిన చెయ్యిలా ఉంది. సర్వే నంబరు కొట్టి చూస్తే రైతు పేరు గురుస్వామి. ఆ పేరు మీద అర్జీలు వెతికితే, అన్నీ గంజాయి కోసమే. ఇక వాళ్ళ తప్పేముంది? దిగిన అధికారి కుర్రవాడు, పట్నంలో పుట్టి పట్నంలో పెరిగినవాడు. వెంట మర్రిపాడు కానిస్టేబుల్ కోటేశ్వర్. అతని కళ్ళు నవ్వుతున్నాయి గానీ నోరు ఉద్యోగం చేస్తోంది. ఆ రోజు అంగడికి సెలవు పెట్టి గోపిక చేలోనే ఉంది. మహజరు రాయడానికి పెన్ను పనిచెయ్యకపోతే ఆమే ఇచ్చింది.

"ఏంటిది?" అన్నాడు అధికారి.

"గోగు సార్. గోంగూర. మీ అమ్మగారు పచ్చడి చేసే ఉంటాది."

"గోంగూర ఇంత ఎత్తు పెరగదు."

"కోసుకుని తింటా ఉంటే పెరగదు. ఒదిలిపెడితే పెరుగుతాది. పిల్లోళ్ళు గూడా అంతే గదా సార్."

"జోకులొద్దు. గంజాయి సాగుకి అర్జీలు పెట్టింది నువ్వే కదా?"

"నేనే. అడిగి వేసేవాడు దొంగతనంగా వేస్తాడా సార్? దొంగతనంగా వేసేవాడు అడుగుతాడా?"

అధికారి ఫోనులో ఫొటోనూ ఎదురుగా మొక్కనూ మార్చి మార్చి చూశాడు. ఈలోగా రామలక్ష్మమ్మ గట్టు దిగి వచ్చి, మొక్కనుంచి రెండాకులు తుంచి, ఒకటి తన నోట్లో వేసుకుని, రెండోది అతని ముందు పెట్టింది. "నమిలి చూడు నాయనా." అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. యూనిఫాంలో ఉండి గంజాయి నమలడం ఎక్కడైనా ఉందా? కోటేశ్వర్ ముందుకొచ్చి ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ముఖమంతా ముడుచుకుపోయింది. "పులుపు సార్," అన్నాడు, ప్రమాణం చేస్తున్నంత గంభీరంగా. అప్పుడు అధికారీ నమిలాడు. అతనికి తెలిసిన గోంగూర జాడీలో నూనె కింద ఉంటుంది. దానికి కాండం, కొమ్మలు ఉంటాయని, నిలబడి మనిషి కంటే ఎత్తు పెరుగుతుందని అతనికి ఆ రోజే తెలిసింది.

డ్రోనుకి పచ్చడి రుచి తెలీదు గదా అని గురుస్వామే అతన్ని సమర్థించాడు. ఎండలో వచ్చారని రామలక్ష్మమ్మ భోజనం పెట్టింది. ఎర్ర కారం, ఉల్లిపాయ, గోంగూర పచ్చడి. నలుగురూ సాక్ష్యాన్ని అన్నంలో కలుపుకుని తిన్నారు.

చెయ్యి కడుక్కుని జీపెక్కబోతూ అధికారి ఒక మాటడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"పెద్దాయనా, నువ్వడిగే ఆ మొక్కను ఎప్పుడైనా చూశావా?"

గురుస్వామి నోరు తెరిచి, మూశాడు. గోపిక జీవితంలో మొదటిసారి మామను మాట లేకుండా చూసింది. చూడలేదు. మొక్కను చూడలేదు, దాని నారను పట్టుకోలేదు. అమానుల్లా గాలిలో చించబోయిన గుడ్డ ఒక్కటే అతను చూసింది. అదైనా లేని గుడ్డ. ఆ రాత్రి అన్నం దగ్గర చారు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున బస్సెక్కగానే కోడలి పక్కన కూర్చుని అన్నాడు, "నిన్న ఆ పిల్లోడు అడిగినదానికి జవాబు ఇప్పుడు తోచింది. దేవుణ్ణి మాత్రం ఎవరు చూసినారు, అర్చనలు చేయించుకోవడం లేదా?"

"బాగుంది మామా. నిన్ననే అని ఉండాల్సింది."

"ఊ." కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు. "అయినా ఒకసారి చూసుంటే బాగుండు."

ఆ తర్వాత కూడా అర్జీలు ఆగలేదు. పరిష్కారాలూ ఆగలేదు. ఊరికి మాత్రం కొత్త కథ దొరికింది. గోంగూర గురుస్వామి అన్నారు కొన్నాళ్ళు. కొండను తవ్వి గోంగూరను పట్టినారు అన్నారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వాడు గానీ, నవ్వు ఆగిన తర్వాత పక్కన కూర్చునే మనిషి గోపికే కాబట్టి, ఆ ప్రశ్న అతన్ని లోపల ఎక్కడో ఒరుసుకుంటోందని ఆమెకు తెలుసు.

ఈ వేసవిలో డివిజన్ ఆఫీసుకు కొత్త మేడమ్ వచ్చింది. మామ అర్జీ పట్టుకుని లోపలికి పోయాడు. ఎప్పుడూ పోయినంతసేపట్లో తిరిగి వచ్చి, ఎవరెవరు ఎలా నవ్వారో వాళ్ళ గొంతులతో సహా చేసి చూపించేవాడు. ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. అంగట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏమీ చేసి చూపించలేదు.

"ఏమైంది మామా? మేడమ్ ఏమన్నది?"

"మంచి మనిషి," అన్నాడు. అంతే.

ఆ వారంలో రెండుసార్లు ఉదయగిరి పోయొచ్చాడు. అమానుల్లా ఎగ్జిబిషన్ నుంచి వచ్చినాడు, చూసొస్తా అన్నాడు. శనివారం గోపిక అంగడి మూసి వచ్చి, అలవాటుగా అడిగింది. "సోమవారానికి అర్జీ ఏం రాద్దాం మామా? మేడమ్ కొత్తది గదా, మొదటి నుంచి రాయమంటావా?"

"ఈ తూరి అర్జీ వద్దులే," అన్నాడు గురుస్వామి. "కాగితం అక్కర్లేదు."

ఇన్నేళ్ళ సోమవారాలకు అలా తెర పడిందని గోపిక అనుకుంది. టైపు చేసే పని తప్పినందుకు మొదట హాయిగానే అనిపించింది. కాసేపటికి ఆ హాయి నచ్చలేదు. మర్నాడు ఆదివారం తాడు కొస పట్టుకుంది. టీ పెట్టింది.

పాడె కట్టడానికి వచ్చింది జనార్దనయ్య. ఊళ్ళో ఎవరు పోయినా ఆ పని ఆయనదే. వెదుళ్ళు తెచ్చాడు గానీ తాడు లేదు. ఇంటి వెనక గొర్రెల దొడ్డికి నైలాను తాడే ఉంది, పోయినేడు రాఘవ తండ్రికి తెలియకుండా కొన్నది. నైలాను పాడెకు పనికిరాదు. అది కాలదు, కరిగి అంటుకుంటుంది. పైగా గురుస్వామిని నైలానుతో కడితే లేచి కూర్చుని తిడతాడని జనార్దనయ్య అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. తాళ్ళు పేనేవాడి ఇంట్లో తనకు కావలసినప్పుడు తాడు లేదు, ఉన్నవన్నీ అమ్మేశాడు. అప్పుడు గోపికే వసారాలో మేకు చూపించింది.

"ముట్టుకోవద్దన్నాడు. రేపటికి కావాలన్నాడు," అంది.

"దీనికే అన్నాడేమో," అన్నాడు జనార్దనయ్య తాడు దించుతూ. వెదుళ్ళకు అడ్డంగా వేసి లాగి బిగించాడు. ఒకసారి ఆగి, ముడి మీద బొటనవేలితో నొక్కి చూశాడు. "ఏం పేనినాడబ్బా. ముడి జారడం లేదు. ముసలోడు తన బరువు తనే కొలుచుకున్నట్టుండాది."

చితి దగ్గర తాళ్ళు కోసి పైన వేశారు. కాలిపోయాయి.

పదో రోజు వరకూ వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. మనసు విరిగిపోయినాడు పాపం. ఆ గంజాయి దిగులే తినేసింది. అర్జీలు కూడా మానేసినాడంట గదా. అర్జీ మానేశాడన్నది బయటికి చెప్పింది గోపికే. చెప్పిన మాట తిరిగి తిరిగి తన చెవికే వస్తుంటే ఆమెకు కుదురుగా ఉండేది కాదు. అతను పోయినందుకు ఏడుపు వచ్చింది, పోయింది. ఓడిపోయి పోయాడనే మాటను మాత్రం మింగలేకపోయింది. అంత వాగుడు వాగినవాడు చివరికి ఒక్క మాటతో, కాగితం అక్కర్లేదని, చేతులు దులుపుకోవడం అతనికి నప్పలేదు. రామలక్ష్మమ్మ మాత్రం అలాంటివేమీ అనుకోలేదు. "ఓడిపొయ్యేదానికి అసలు ఎవరన్నా పోటీకి వచ్చినారా?" అంది. ఆమె దిగులంతా ఆ టీ మీద ఉంది. "చక్కెర వేసిన టీ గూడా తాగకుండా పోయినాడే మహానుభావుడు. అంత ఆశగా అడిగి."

కర్మలన్నీ అయిపోయాక ఒక శుక్రవారం అమానుల్లా ఆత్మకూరులో గోపిక అంగడికి వచ్చాడు. గురుస్వామి పోయినప్పుడు ఆయన హైదరాబాదులో ఇంకో ఎగ్జిబిషన్లో ఉన్నాడు. మామ ఎప్పుడూ కూర్చునే కుర్చీ లాగబోయి, ఆగి, స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆఖరిసారి చూడలేకపోయినానమ్మా. స్టాలు వదిలి రావడానికి కుదరలేదు. ఒక్కటడుగుతా, ఏమనుకోబాక. ఆ తాడు నాకు ఇప్పిస్తావా? గుర్తుగా పెట్టుకుంటా."

"ఏ తాడు చాచా?"

"చివర పేనింది. తెల్లది."

గోపిక ఆయన ముఖం వంక చూసింది. "పాడెకు కట్టినారు చాచా. దాంతోనే కట్టినారు. ఇంట్లో వేరే తాడు లేకపోతే."

ఎవరో వచ్చి ఆధార్ కార్డు జిరాక్స్ కావాలన్నారు. గోపిక తీసి ఇచ్చింది. మిషను వెలుగు ఒకసారి ఆ ముసలాయన గడ్డం మీద అటు నుంచి ఇటు పోయింది. తర్వాత ఆయన అడిగాడు.

"తెగలేదు గదా?"

"లేదు. ముడి గూడా జారలేదంట."

"జారదు. అది గోగు కాదమ్మా." ఆయన చేతులు స్టూలుకు రెండు పక్కలా వేలాడుతున్నాయి, ఏదో బరువు దించినట్టు. "కొత్త మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పిందంట. పెద్దాయనా, కాగితాలు ఎన్ని పంపినా పైన చదవరు, ఆ నారతో చేసింది ఏదన్నా ఒకటి చేతికిస్తే జత చేసి నా సంతకంతో పంపుతా అని. నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు, నువ్వే తేవాల సాయిబూ అని. ఆ గంజాయి నార నేను అప్పటికే తెచ్చి ఉండాను. డెహ్రాడూన్ ఆడోళ్ళ దగ్గర కొన్నాను, చెంచాల పెట్టెలో అడుగున పెట్టుకొని. చేతిలో పెడితే, అరగంట పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. సామి, మాట్లాడకుండా! తాడు పేని సోమవారం పొద్దున మేడమ్ బల్ల మీద పెడతానన్నాడు. నీకు బస్సులో చెప్తానన్నాడు."